లిస్టింగ్ రోజున అమ్మేది ఎవరు?

(బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో తెలుగువాళ్లు ఆదివారం పూట పెట్టుకున్న సమావేశంలో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? చేతులెత్తండి. సరే. పిల్లలు బయట షటిల్ ఆడుకుంటున్నారు, ఆడుకోనివ్వండి, మనకేం ఇబ్బంది లేదు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఏ క్రిప్టో కాయిన్ కొనాలో చెప్పడానికి నేను రాలేదు. ఏది కొనకూడదో చెప్పడానికీ రాలేదు. నేను ఆడిటర్ని. మీరు కొనేసి, అమ్మేసి, జూలై వచ్చాక నా దగ్గరికి వస్తారు. అప్పుడు మీ క్రిప్టో ఎక్స్‌ఛేంజ్ స్టేట్‌మెంట్ మొదటి వరస నుంచి చివరి వరస దాకా చదివేది నేను. మీరు చదవరు. నిజం చెప్పండి, ఎంతమంది చదివారు? చూశారా, ఒక్క చెయ్యి లేచింది. ఆయన కూడా మొహమాటానికి ఎత్తినట్టున్నారు.

ఆ స్టేట్‌మెంట్లలో ఈ మధ్య ఒక రకం ఎంట్రీ తరచూ కనిపిస్తోంది. ఏదో స్టేబుల్‌కాయిన్‌కి సంబంధించిన టోకెన్, అంటే ఆ నాణెం కాదు, దాని చుట్టూ ఉన్న ప్రాజెక్టు విడిగా విడుదల చేసిన ఇంకో క్రిప్టో. లిస్టింగ్ అయిన రోజే, అంటే ఎక్స్‌ఛేంజ్‌లో మొదటిసారి అమ్మకానికి వచ్చిన రోజే, లేదంటే మర్నాడే కొన్నది. ఎందుకు కొన్నావు బాబూ అని అడిగితే వచ్చే జవాబు ఇది: "స్టేబుల్‌కాయిన్ కదండీ, సేఫ్ అనుకున్నాను. పైగా పెద్ద ఎక్స్‌ఛేంజ్‌లో లిస్ట్ అయింది." ఇందులో రెండు నమ్మకాలున్నాయి. స్టేబుల్‌కాయిన్ గట్టిది కాబట్టి దాని టోకెన్ కూడా గట్టిదే అని ఒకటి. ఎక్స్‌ఛేంజ్ లిస్ట్ చేసిందంటే సరుకు మంచిదని ముద్ర వేసినట్టే అని రెండోది. రెండూ తప్పే. ఎందుకు తప్పో చెప్పడానికే ఈ గంట.

స్టేబుల్‌కాయిన్ అంటే మీకు తెలుసు. ఎప్పుడూ ఒక డాలరు దగ్గరే ఉండాల్సిన నాణెం. యూఎస్‌డీటీ 2014 నుంచి ఉంది, యూఎస్‌డీసీ 2018లో వచ్చింది. మీరు డాలరు ఇస్తే కంపెనీ మీకో నాణెం ఇస్తుంది. ఆ డాలరుతో కంపెనీ ఏం చేస్తుంది? ఎక్కువగా అమెరికా ప్రభుత్వ ట్రెజరీ బిల్లులు కొంటుంది. దాని మీద వడ్డీ వస్తుంది. ఆ వడ్డీ ఎవరిది? మీది కాదండి. కంపెనీది. 2024 సంవత్సరానికి, యూఎస్‌డీటీ నడిపే టెథర్ కంపెనీ ప్రకటించిన లాభం 1,300 కోట్ల డాలర్లు. రూపాయలు కాదు, డాలర్లు. పైగా 2025 జూలై 18న అమెరికాలో సంతకమైన జీనియస్ చట్టం, స్టేబుల్‌కాయిన్ విడుదల చేసే కంపెనీ దాన్ని దగ్గర పెట్టుకున్నవాళ్లకి వడ్డీ ఇవ్వకూడదని రాసిపెట్టేసింది.

మరి ఇంత లాభం కనిపిస్తుంటే జనం ఊరుకుంటారా? ఇందులో మాకూ వాటా కావాలంటారు. వాటా ఎక్కడ దొరుకుతుంది? టెథర్ షేరు మార్కెట్లో లేదు. యూఎస్‌డీసీ నడిపే సర్కిల్ కంపెనీ షేరు 2025 జూన్ 5న న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్‌లో లిస్ట్ అయింది. ఇష్యూ ధర 31 డాలర్లు. మొదటి రోజే 83 దగ్గర ముగిసింది. అదే నెలలో 300 దగ్గరికి వెళ్లింది. నవంబరుకి 100 కిందికి వచ్చేసింది. గమనించండి, ఇది షేరు. లాభం మీద చట్టబద్ధమైన హక్కు ఉన్న కాగితం. ఆ కంపెనీ నాణెం ఈ నెలలన్నీ డాలరు దగ్గరే ఉంది. షేరు మాత్రం ఇలా ఎగిరి పడింది. హక్కు ఉన్న కాగితమే ఇలా ఉంటే, హక్కు లేని టోకెన్ సంగతి ఏమిటి?

మన ఊళ్లో మెట్రో స్టేషన్ వస్తోందని దాని పక్కన ప్లాటు కొంటారు కదా, ఈ టోకెన్ అలాంటిదే. స్టేషన్ మెట్రో వాళ్లది. రైలు రోజూ టైముకి వస్తుంది, టికెట్ డబ్బు వాళ్ల ఖాతాకి వెళ్తుంది. మీ ప్లాటు ధర రైలు మీద ఆధారపడదు, రైలు గురించి జనం చెప్పుకునే మాటల మీద ఆధారపడుతుంది. పైగా లేఅవుట్ వేసినాయన దగ్గర ఇంకా వంద ప్లాట్లు ఉండి, నెలకి నాలుగు చొప్పున అమ్మకానికి పెడుతుంటే? ఎలక్ట్రానిక్ సిటీ వైపు నుంచి వచ్చినవాళ్లు నవ్వుతున్నారు. మీకు బాగా తెలుసు.

ఇప్పుడు నిజం టోకెన్ ఒకటి తీసుకుని చూద్దాం. మిగతావాటి గురించి రెండేసి ముక్కలు చెబుతాను, దీని గురించి మాత్రం కాస్త సాగదీస్తాను, ఎందుకంటే దీంట్లో అన్నీ కనిపిస్తాయి. ఎథీనా. వాళ్ల స్టేబుల్‌కాయిన్ పేరు యూఎస్‌డీఈ, టోకెన్ పేరు ఈఎన్ఏ. యూఎస్‌డీఈ వెనక ఉండేది ప్రధానంగా బ్యాంకులో డాలర్లు కాదు. ఈథర్, బిట్‌కాయిన్ లాంటివి కొని పెట్టుకుంటారు, అంతే విలువకి ఫ్యూచర్స్‌లో షార్ట్ పెడతారు, అంటే ధర పడితే లాభం వచ్చే పందెం. ధర పెరిగితే చేతిలో ఉన్నదాని మీద లాభం, షార్ట్ మీద నష్టం. ధర తగ్గితే అటుది ఇటు. మొత్తం కలిపితే డాలరు విలువ కదలదు. మార్కెట్ ఊపు మీద ఉన్నప్పుడు, కొనేవాళ్లు ఎక్కువగా ఉన్నప్పుడు, షార్ట్ పెట్టినవాళ్లకి ఫండింగ్ అని కొంత డబ్బు వస్తుంది. అదే వీళ్ల ఆదాయం. తెలివైన పద్ధతే. దాన్ని నేను తప్పు పట్టను.

ఈఎన్ఏ టోకెన్ 2024 ఏప్రిల్ 2న బైనాన్స్ అనే విదేశీ ఎక్స్‌ఛేంజ్‌లో లిస్ట్ అయింది. ట్రేడింగ్ మొదలైంది మన టైము ప్రకారం మధ్యాహ్నం ఒకటిన్నరకి. మొత్తం టోకెన్లు 1,500 కోట్లు. మొదటి రోజు మార్కెట్లో తిరిగేవి ఎన్ని? 142 కోట్ల 50 లక్షలు. అంటే తొమ్మిదిన్నర శాతం. మిగతా తొంభై శాతం పైగా లాకర్లో ఉంది. ఇది దాచిపెట్టిన సంగతేమీ కాదు, లిస్టింగ్ ప్రకటనలోనే ఉంది. కొన్నవాళ్లలో అది చదివినవాళ్లు ఎంతమంది?

ఆ 142 కోట్లు మొదటి రోజు ఎవరి దగ్గర ఉన్నాయో చూడండి. ఇది ముఖ్యం. కొన్ని ఎయిర్‌డ్రాప్‌లో ఊరికే వచ్చినవాళ్ల దగ్గర ఉన్నాయి. మొత్తంలో 5 శాతం, అంటే 75 కోట్ల టోకెన్లు, అలా పంచారు. ఇంకో 30 కోట్లు బైనాన్స్‌లో బీఎన్‌బీ, ఎఫ్‌డీయూఎస్‌డీ అనే కాయిన్లు కొద్ది రోజులు పక్కన పెట్టి ఉంచినవాళ్లకి వచ్చాయి. వీళ్లెవరూ టోకెన్‌కి డబ్బు కట్టలేదు. ఏ ధరకి అమ్మినా లాభమే. సరిగ్గా ఒకటిన్నరకి కొనేవాళ్ల తెర తెరుచుకుంది. అటు నుంచి ఊరికే వచ్చిన సరుకు, ఇటు నుంచి జీతం డబ్బు. అమ్మేది ఎవరు? డబ్బు పెట్టనివాళ్లు. కొనేది ఎవరు? మీరు.

అయినా ధర పెరిగింది కదండీ అంటారు. పెరిగింది. పది రోజులు తిరక్కుండా ఒకటిన్నర డాలరు దాటింది. అక్కడ ఒక లెక్క వేద్దాం, ఫోన్లో క్యాలిక్యులేటర్ తీయండి. ఒకటిన్నర డాలరు ఇంటూ 142 కోట్ల 50 లక్షలు. దాదాపు 214 కోట్ల డాలర్లు. దీన్ని మార్కెట్ క్యాప్ అంటున్నారు, యాప్‌లో మీకు కనిపించేది ఇదే. ఇప్పుడు అదే ఒకటిన్నర ఇంటూ 1,500 కోట్లు వేయండి. 2,250 కోట్ల డాలర్లు. లాకర్లో ఉన్నవి కూడా కలిపితే ఆ రోజు మార్కెట్ కట్టిన విలువ అది. మరి ఆ రోజుకి అసలు స్టేబుల్‌కాయిన్ ఎంత చలామణిలో ఉంది? 200 కోట్ల డాలర్ల పైచిలుకు. అంటే నాణేలు మొత్తం కలిపితే 200 కోట్లు, ఆ నాణేలు నడిపే వ్యవస్థలో ఓటు హక్కు ఇచ్చే టోకెన్‌కి 2,250 కోట్లు. ఓటు హక్కు అన్నాను, లాభంలో వాటా అనలేదు, గమనించారా?

ఇక్కడే అసలు విషయం వస్తుంది. "స్టేబుల్‌కాయిన్ పెరిగితే టోకెన్ పెరుగుతుంది" అంటారు. మరి పెరగలేదా? పెరిగింది. 2025 అక్టోబరు మొదటికి యూఎస్‌డీఈ చలామణి 1,400 కోట్ల డాలర్లు దాటింది. ఏడాదిన్నరలో ఆరు రెట్ల పైమాట. మీరు ఊహించినట్టే జరిగింది, ఊహించినదానికన్నా ఎక్కువే జరిగింది. మరి టోకెన్? 60 సెంట్ల దరిదాపుల్లో ఉంది. ఒకటిన్నర దగ్గర కొన్నవాడికి సగానికి పైగా పోయింది.

ఎలా పోయింది? ఎవరూ దొంగతనం చేయలేదు. అప్పటికి మార్కెట్లో తిరిగే టోకెన్లు దాదాపు 700 కోట్లు అయ్యాయి. 60 సెంట్లు ఇంటూ 700 కోట్లు వేయండి. 420 కోట్ల డాలర్లు. అంటే మార్కెట్ క్యాప్ రెట్టింపు అయింది! యాప్‌లో చూస్తే టోకెన్ పెద్దదైనట్టే ఉంటుంది. కానీ అప్పుడున్న ప్రతి టోకెన్ పక్కన ఇప్పుడు ఇంకో నాలుగు వచ్చి కూర్చున్నాయి. మీ ఊహ సరైనదే, మీ డబ్బు మాత్రం పోయింది. ఇది నేను ఎన్నిసార్లు చెప్పినా నా క్లయింట్లకి మింగుడుపడదు. "సార్, ప్రాజెక్టు బాగానే ఉంది కదా" అంటారు. బాగానే ఉంది నాయనా. ప్రాజెక్టుకి బాగుంది.

ఆ కొత్త టోకెన్లు ఎక్కడి నుంచి వచ్చాయంటే, అన్‌లాక్. ఇన్వెస్టర్లకి, పనిచేసినవాళ్లకి ఇచ్చిన టోకెన్లు ఏడాది పాటు కదలకూడదని పెట్టారు. ఆ గడువు తీరాక, 2025లో, వాళ్ల వాటాలో నాలుగో వంతు విడుదలైంది. మిగతాది మూడేళ్ల పాటు నెలనెలా. ఆ ఇద్దరి వాటా కలిపితే మొత్తం టోకెన్లలో సగం దాటుతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీ ఆర్‌ఎస్‌యూలకి, అంటే కంపెనీ మీకిచ్చే షేర్లకి, ఉండే వెస్టింగ్ లాంటిదే, విడతలుగా చేతికొస్తాయి. మీరు వెస్ట్ అయిన రోజున ఏం చేస్తారు? అమ్మేస్తారు. ఇంటి ఈఎంఐ ఉంటుంది కదా. వాళ్లకీ ఉంటుంది.

అయితే ధర అన్‌లాక్ రోజునే పడుతుందనుకోకండి. తేదీ అందరికీ ముందే తెలుసు కాబట్టి ముందు నుంచే జారుతుంది, ఒక్కోసారి ఆ రోజున ఏమీ జరగదు కూడా. ఈఎన్ఏనే చూడండి, 2024 సెప్టెంబరులో 20 సెంట్ల దగ్గరికి దిగింది, డిసెంబరుకి మళ్లీ డాలరు దాటింది, 2025 వేసవికి మళ్లీ 30 సెంట్ల దగ్గర తచ్చాడింది. ఈ కాలమంతా యూఎస్‌డీఈ ఎక్కడుంది? డాలరు దగ్గరే.

లిస్టింగ్ రోజు గురించి ఇంకా చెప్పాల్సింది ఉంది. మంచినీళ్లు ఒకసారి ఇస్తారా? థాంక్స్ అమ్మా.

ఆ 2024 ఏప్రిల్ 2 మన దేశంలో ఎలా ఉందో గుర్తుందా? అంతకుముందు డిసెంబరులో మన ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ తొమ్మిది విదేశీ ఎక్స్‌ఛేంజ్‌లకి నోటీసులిచ్చింది. జనవరిలో వాటి యాప్‌లు స్టోర్ల నుంచి తీసేశారు. బైనాన్స్ అందులో ఒకటి. జూన్‌లో దానికి 18 కోట్ల 82 లక్షల జరిమానా పడింది, ఆగస్టులో రిజిస్టర్ అయి మళ్లీ వచ్చింది. అంటే ఆ టోకెన్ ఎక్కడైతే మొదట లిస్ట్ అయిందో, ఆ తలుపు ఆ రోజు మనకి అధికారికంగా మూసి ఉంది. అయినా కొన్నవాళ్లున్నారు. ఎలా కొన్నారని నేను అడగను, మీరు చెప్పకండి, పైన రికార్డింగ్ నడుస్తోంది. నేను చెప్పేదేమిటంటే, ఇలాంటప్పుడు మన దగ్గరికి సరుకు వచ్చేసరికి మొదటి చెయ్యి కాదు, రెండో చెయ్యి కూడా కాదు. అక్కడ ఆడినవాళ్లంతా ఆడేశాక మన యాప్‌లో "కొత్తగా లిస్ట్ అయింది" అని నోటిఫికేషన్ వస్తుంది.

ఎక్స్‌ఛేంజ్ లిస్ట్ చేసిందంటే పరీక్షించి చేసిందనుకుంటారు. ఎంతో కొంత చూస్తారు, కాదనను. కానీ ఎక్స్‌ఛేంజ్ సంపాదన దేని మీద? ట్రేడింగ్ ఫీజు మీద. ధర పెరిగినా ఫీజే, పడినా ఫీజే. అందరూ మాట్లాడుకునే టోకెన్ లిస్ట్ చేయకపోతే ఆ ఫీజు పక్క కొట్టుకి పోతుంది. కంపెనీ షేరు లిస్ట్ అవ్వాలంటే సెబీ దగ్గర ప్రాస్పెక్టస్ పెట్టాలి, అందులో అబద్ధం ఉంటే జవాబు చెప్పాలి. ఇక్కడ అది లేదు.

లిస్టింగ్ వార్తకి ఎంత బలం ఉందో తెలియాలంటే అమెరికా కేసు ఒకటి చూడండి. అక్కడి కాయిన్‌బేస్ ఎక్స్‌ఛేంజ్‌లో ప్రొడక్ట్ మేనేజర్‌గా చేసినాయన, మన దేశస్థుడే, ఏ టోకెన్లు లిస్ట్ అవబోతున్నాయో ప్రకటనకి ముందే తమ్ముడికి, ఓ స్నేహితుడికి చెప్పేవాడు. వాళ్లు ముందే కొని, ప్రకటన రాగానే ధర లేచాక అమ్మేవాళ్లు. లాభం పది లక్షల డాలర్లు దాటింది. విచారణకి రమ్మని కంపెనీ పిలిస్తే ఇండియాకి వన్‌వే టికెట్ కొన్నాడు, ఎయిర్‌పోర్టులో ఆపేశారు. 2023 మేలో రెండేళ్ల శిక్ష పడింది. శిక్ష సంగతి అలా ఉంచండి. వాళ్లకి ఆ టోకెన్ ఏం చేస్తుందో తెలియక్కర్లేదు. ప్రాజెక్టు మంచిదా చెడ్డదా అక్కర్లేదు. ఎప్పుడు లిస్ట్ అవుతుందో తెలిస్తే చాలు. మరి ప్రకటన వచ్చాక, ధర లేచాక, వాళ్ల దగ్గర కొన్నది ఎవరు?

ఇంకో ఉదాహరణ, ఈమధ్యది. ప్లాస్మా అని యూఎస్‌డీటీ బదిలీల కోసమే కట్టిన బ్లాక్‌చైన్ నెట్‌వర్క్. టోకెన్ ఎక్స్‌పీఎల్. 2025 సెప్టెంబరు 25న పెద్ద ఎక్స్‌ఛేంజ్‌లు చాలావాటిలో ఒకే రోజు దిగింది. మూడు నాలుగు రోజుల్లో ఒకటిన్నర డాలరు దాటింది. అక్టోబరు నెలాఖరుకి 40 సెంట్ల కిందికి వచ్చింది. యూఎస్‌డీటీకి ఆ నెలలో ఏమైనా అయిందా? ఏమీ కాలేదు, హాయిగా ఉంది. ఇప్పుడు అసలు అంకె చెబుతాను. అంతకుముందు జరిగిన పబ్లిక్ సేల్‌లో ఆ టోకెన్ ధర 5 సెంట్లు. అయిదు సెంట్లు! మీరు డాలరున్నరకి కొని 40 సెంట్లకి పడిందని ఏడుస్తుంటే, అక్కడ 5 సెంట్లకి కొన్నవాడు ఇంకా ఎన్నో రెట్లు లాభంలో ఉన్నాడు. వాడికి "ఇంత పడింది, ఇక అమ్మకూడదు" అనే బాధ లేదు. చార్ట్ చూసి అడుగు ఇదే, ఇక్కణ్ణుంచి లేస్తుంది అంటారు చూడండి, ఆ అడుగు మీకు. వాడి అడుగు 5 సెంట్ల దగ్గరుంది.

అందుకే నా దగ్గరికొచ్చే కుర్రాళ్లకి ఒకటే చెబుతాను. చార్ట్ తర్వాత చూడు, ముందు ఆ టోకెన్ నీకంటే ముందు ఎవరెవరికి ఏ ధరకి వచ్చిందో చూడు. టోకెన్లు ఎవరికెన్ని పంచారో చెప్పే టోకెనామిక్స్ పేజీలో ఉంటుంది, అరగంట పని.

2022లో కుప్పకూలిన లూనా గురించి చెప్పకుండా పోతే మీరు ఊరుకోరు. అది ఈ తరహా కాదు, దాని రోగం వేరు. ఇప్పటిదాకా చెప్పినవాటిలో నాణెం పడినా లేచినా టోకెన్ దాన్ని మొయ్యదు. లూనాలో టోకెనే నాణేన్ని మోసేది. వాళ్ల స్టేబుల్‌కాయిన్ పేరు యూఎస్‌టీ. ఒక యూఎస్‌టీ ఇస్తే ఒక డాలరు విలువైన లూనా కొత్తగా ముద్రించి ఇస్తారు. 2022 ఏప్రిల్‌లో లూనా 119 డాలర్ల దాకా వెళ్లింది. మే రెండో వారంలో జనం యూఎస్‌టీ ఇచ్చేసి బయటపడబోయారు. ఇచ్చినకొద్దీ లూనా ముద్రించారు, ముద్రించినకొద్దీ ధర పడింది, ధర పడినకొద్దీ ఇంకా ఎక్కువ ముద్రించాల్సి వచ్చింది. 35 కోట్ల దగ్గరున్న టోకెన్లు వారం తిరిగేసరికి ఆరు లక్షల కోట్లు దాటాయి. ఎక్స్‌ఛేంజ్‌లు ట్రేడింగ్ ఆపేశాయి. దాన్ని మొదలుపెట్టిన డో క్వాన్ 2025 ఆగస్టులో న్యూయార్క్ కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు. యూఎస్‌టీ దాచుకుంటే దాని మీద 20 శాతం దగ్గర రాబడి ఇచ్చేవాళ్లు, ఆ పథకం పేరు యాంకర్. 20 శాతం అనగానే మన చీటీల మీద పెరిగిన బుర్రలకి అనుమానం రావాలి. చాలామందికి రాలేదు.

మేకర్ అని ఇంకోటి, దాని నాణెం డాయ్. కాస్త మర్యాదస్తుల వ్యవహారం. డాయ్ అప్పు తీసుకునేవాళ్లు ఫీజు కడతారు, మిగులుతో ఎంకేఆర్ టోకెన్ కొని తగలబెట్టేవాళ్లు, అంటే శాశ్వతంగా రద్దు చేసేవాళ్లు. మంచి రోజుల్లో లాభం ఉంది. చెడ్డ రోజూ ఉంది: 2020 మార్చి 12న ఈథర్ కుప్పకూలినప్పుడు లోటు పడితే, కొత్త ఎంకేఆర్ ముద్రించి వేలం వేసి పూడ్చారు. 2024లో పేరు స్కై అని మార్చి, ఒక ఎంకేఆర్‌కి 24,000 స్కై ఇచ్చారు. ఆ తర్వాత నాకొచ్చిన ఫోన్లు చూడాలి. "సార్, ఇది ఎంత చవగ్గా ఉందో!" చవక కాదండి, ముక్కలు చిన్నవి.

2025 అక్టోబరు 10 రాత్రి గురించి ఒక్క మాట చెప్పి పన్నుల్లోకి వెళ్తాను. చైనా మీద 100 శాతం సుంకం వేస్తామని ట్రంప్ అన్నాడు, మార్కెట్ మొత్తం కూలింది. ఆ గందరగోళంలో బైనాన్స్‌లో యూఎస్‌డీఈ 65 సెంట్ల దాకా పడింది. మిగతాచోట్ల? డాలరు దగ్గరే ఉంది. ఒకే నాణెం, ఒకే నిమిషం, రెండు కొట్లలో రెండు ధరలు. ఆ పడిన ధర చూసి, దాన్ని తాకట్టు పెట్టి ట్రేడ్ చేసినవాళ్ల పొజిషన్లు తెగ్గొట్టేశారు. తర్వాత బైనాన్స్ 28 కోట్ల డాలర్ల పైగా పరిహారం ఇచ్చింది. కాబట్టి పెగ్, అంటే డాలరుతో కట్టిన ముడి, పోయిందని ఎవరైనా స్క్రీన్‌షాట్ పంపితే ముందు ఏ ఎక్స్‌ఛేంజ్‌లో అని అడగండి.

సరే, నా సొంత ఊరికి వచ్చాం. పన్ను.

2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం. దాని మీద సెస్ 4 శాతం కలిపితే 31.2. జూలై 1 నుంచి 1 శాతం టీడీఎస్. ఇవి మీకు తెలుసు. మీకు తెలియని చోట దెబ్బ తగులుతుంది. చూడండి, ఒక టోకెన్ మీద మీకు 60,000 లాభం. ఇంకో టోకెన్ మీద 60,000 నష్టం. మీ జేబులో ఎంత మిగిలింది? సున్నా. పన్ను ఎంత? 18,720. ఎందుకంటే ఒకదాని నష్టం ఇంకోదాని లాభంలో తగ్గించుకోనివ్వరు. వచ్చే ఏడాదికీ మోసుకెళ్లనివ్వరు. మార్చి నెలాఖర్లో "సార్, నష్టంలో ఉన్న టోకెన్ అమ్మేసి లాభం తగ్గించుకుంటా" అని ఫోన్లు వస్తాయి. షేర్లలో పనికొస్తుంది, ఇక్కడ పనికిరాదు.

ఇంకోటి. రూపాయలతో 88 చొప్పున 1,000 యూఎస్‌డీటీ కొన్నారనుకోండి, లెక్క కోసం చెబుతున్నాను. లిస్టింగ్ రోజున యూఎస్‌డీటీ మన ఎక్స్‌ఛేంజ్‌లో 91 ఉంది. దాంతో కొత్త టోకెన్ కొన్నారు. మీ దృష్టిలో మీరు కొన్నారు, అంతే. చట్టం దృష్టిలో యూఎస్‌డీటీ అమ్మారు. 3,000 లాభం, 936 పన్ను. పైగా 91,000 మీద 910 టీడీఎస్. టోకెన్ ఇంకా ఒక్క పైసా కదల్లేదు. లిస్టింగ్ రోజంతా కొంటూ అమ్ముతూ పదిసార్లు తిప్పారనుకోండి, పెట్టుబడిలో దాదాపు పదో వంతు టీడీఎస్ కింద వెళ్లి కూర్చుంటుంది. రిటర్ను వేశాక సర్దుబాటు అవుతుంది, నిజమే. కానీ ఆ రోజుకి మీ చేతిలో ఉండదు. విదేశీ ఎక్స్‌ఛేంజ్‌లో అయితే పట్టుకునేవాడు లేడు కదా అంటారు. పట్టుకునేవాడు లేకపోతే పన్ను లేనట్టు కాదు.

ప్రశ్నలు

ముందు వరసలో అమ్మాయి అడిగింది, ఎయిర్‌డ్రాప్‌లో ఊరికే వస్తే పన్నేమిటి అని. మంచి ప్రశ్న. నేను రిటర్నుల్లో చూపించే పద్ధతి చెబుతాను. వచ్చిన రోజు విలువ ఆదాయం కింద చూపిస్తాను, మీ శ్లాబు రేటు పడుతుంది. ఆ విలువే మీ కొనుగోలు ధర అనుకుంటాను. ఇక్కడో చిక్కుంది. లిస్టింగ్ రోజున లక్ష విలువైన టోకెన్లు వచ్చాయి, మీరు దాచుకున్నారు, ఏడాది తర్వాత 40,000కి అమ్మారు. లక్ష మీద పన్ను కట్టేశారు, 60,000 నష్టం దేనికీ పనికిరాదు. కాబట్టి ఊరికే వచ్చిందని దాచుకోకుండా, కనీసం పన్నుకి సరిపడా ఆ రోజే అమ్మి పక్కన పెట్టుకో అమ్మా.

పెద్దాయన అడిగారు, వాళ్లబ్బాయి పీటూపీలో, అంటే నేరుగా ఇంకో మనిషికి, యూఎస్‌డీటీ అమ్మితే బ్యాంకు ఖాతా ఆగిపోయిందట. బాబాయ్ గారూ, ఇది బెంగళూరులో చాలా ఇళ్లలో నడుస్తోంది. ఎక్కడో ఎవరినో సైబర్ మోసం చేస్తే వాళ్లు 1930కి ఫోన్ చేస్తారు. ఆ డబ్బు నాలుగు ఖాతాలు తిరిగి మీ అబ్బాయి దగ్గర యూఎస్‌డీటీ కొన్నవాడి ద్వారా మీ ఖాతాకి వచ్చి ఉంటుంది. వేరే రాష్ట్రం పోలీసులు ఫ్రీజ్ చేస్తారు. బ్యాంకు నుంచి ఫిర్యాదు నంబరు, ఏ స్టేషనో రాయించుకోండి. ఆర్డర్ వివరాలు, చాట్, వచ్చిన మొత్తం, పంపిన యూఎస్‌డీటీ అన్నీ పెట్టి ఆ స్టేషన్‌కి మెయిల్ చేయించండి. వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపి మిగతాది వదలమని అడగండి. వీటన్నిటికంటే ముందు, రెండు రూపాయలు ఎక్కువొస్తుందని ముక్కూ మొహం తెలియనివాడికి అమ్మడం మానమనండి.

ఇంకొకరు అడిగారు, ఎక్స్‌ఛేంజే మునిగితే మన టోకెన్లు మనవేనా అని. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ అనే మన ఎక్స్‌ఛేంజ్ నుంచి హ్యాకర్లు 23 కోట్ల డాలర్ల దాకా కొట్టేసింది మీకు తెలుసు. చెన్నైలో ఒకావిడకి అందులో ఎక్స్‌ఆర్‌పీ అనే క్రిప్టో 3,532 ఉంది. పోయిన టోకెన్లు వేరే రకం, నావి నాకివ్వండి అని మద్రాసు హైకోర్టుకి వెళ్లింది. 2025 అక్టోబరులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్, క్రిప్టో ఆస్తేనని, ట్రస్టులో ఉంచదగినదేనని తీర్పు చెప్పారు. మంచి తీర్పు. కానీ ఆవిడ కోర్టుకి వెళ్లగలిగింది. మీ దగ్గర ఎనిమిది వేల రూపాయల టోకెన్ ఉంటే వెళ్తారా?

చివరి ప్రశ్న, తెల్ల చొక్కా బాబు, డీలిస్టింగ్ అయితే, అంటే ఎక్స్‌ఛేంజ్ టోకెన్‌ని తీసేస్తే, ఏం చేయాలని. డీలిస్టింగ్‌లన్నీ ఒకటి కాదు. 2025 మార్చి నెలాఖరుకి యూరప్‌లో మైకా అనే క్రిప్టో నిబంధనల వల్ల బైనాన్స్ అక్కడివాళ్లకి యూఎస్‌డీటీ స్పాట్ జతలు, అంటే నేరుగా కొని అమ్మే ట్రేడింగ్, తీసేసింది. ధర కదలనే లేదు, ఎందుకంటే అమ్ముకోవడానికి లక్ష చోట్లున్నాయి. చిన్న టోకెన్‌కి అలా కుదరదు. ప్రకటన రాగానే కొనేవాడు మాయమవుతాడు. ప్రకటనలో మూడు తేదీలుంటాయి: ట్రేడింగ్ ఆగేది, డిపాజిట్ ఆగేది, విత్‌డ్రా ఆగేది. మూడోది రాసిపెట్టుకో. మన దగ్గర కొన్ని యాప్‌లలో ఆ టోకెన్‌కి విత్‌డ్రా సదుపాయమే ఉండదు, అమ్మి రూపాయలు తీసుకోవడమొక్కటే దారి, అదీ ట్రేడింగ్ ఆగేలోపు. నీ దగ్గరున్నవాటికి విత్‌డ్రా పనిచేస్తుందో లేదో ఇవాళ రాత్రే యాప్ తెరిచి చూసుకో. పనిచేయకపోతే రేపు నాకు ఫోన్ చెయ్యి, సాయంత్రం ఆరు తర్వాత. పగలు జీఎస్టీ పనుంటుంది.